చూసి చెప్పని కళ్లు

పెద్దల మాట చద్దిమూట అంటారు. మా ఊరు చాకవేలులో, మా ఇంట్లో పెద్దల తప్పు కూడా చద్దిమూటే. మా నాయన చింతామణి వెళ్లే బస్సనుకుని ఇంకో బస్సెక్కితే, ఆయనకై ఆయన దిగేదాకా మేమందరం కిక్కురుమనకుండా కూర్చునేవాళ్లం. ఈ పెంపకంతోనే నేను వైమానిక దళంలో చేరి, హెలికాప్టర్ సిబ్బంది శిక్షణకు వెళ్లాను. పైలట్‌కు కనిపించని పక్కలూ వెనకా చూసి చెప్పడం నా పని.

ఒకరోజు మా శిక్షకుడు పైలట్ సీట్లో కూర్చుని, తలుపు గడియ సంగతి అడగడం మరిచిపోయి ఇంజన్ వేగం పెంచారు. గడియ సరిగ్గా పడలేదని నేను చూశాను. అంతటాయనకు తెలియకుండా ఉంటుందా అని ఊరుకున్నాను. పైకి లేచే ముందు ఆయనే గమనించి ఆపారు.

ఎగిరి దిగాక అందరూ కూర్చుని మాట్లాడుకోవడం అక్కడి ఆనవాయితీ. అందరికంటే పెద్దవాడు తన తప్పు ముందు చెప్పాలి. ఆయన బోర్డు మీద "తలుపు గడియ, తప్పు నాది" అని రాసి, "ఎవరైనా చూశారా?" అని అడిగారు. మర్యాద పాటించినందుకు మెచ్చుకుంటారేమోనని చెయ్యెత్తాను. ఎంత అమాయకత్వం! ఆయన గొంతు కూడా పెంచలేదు.

"చూసి చెప్పని కళ్లు నాకెందుకు? పది రోజుల్లో పరీక్ష. ఆ రోజూ ఇలాగే ఉంటే ఇంటికి పంపించేస్తాను."

ఆ ఆదివారం బాగేపల్లిలో బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి వేరుశనగ విత్తుతున్నారు. సంగతంతా మా నాయనకు చెప్పాను.

"అంత పెద్దాయన్ని అందరి ముందరా తప్పంటారా? అదేం పద్ధతప్పా!" అని నవ్వి ట్రాక్టరెక్కాడు.

ట్రాక్టరుకు కట్టిన విత్తనాల గొర్రు వెనక నేను నడిచాను. గింజలు జారే గొట్టాల్లో ఒకదానికి మట్టి అడ్డంపడి గింజ రాలడం లేదు. రెండు సాళ్లు ఖాళీగా పోయినా నాకు నోరు పెగల్లేదు. మూడో సాలుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

"నాయనా, నిలుపు! గింజ పడలే!"

పక్క చేలోని మా చిన్నాయన తలెత్తి చూశాడు. నాయన దిగి, పుల్లతో గొట్టం పొడిచి, నా వైపు చూడకుండా మళ్లీ ఎక్కాడు. సాయంత్రం దాకా ఒక్క మాట లేదు. కోపం వచ్చిందనుకుని బాధపడ్డాను. అయినా తిరుగు బస్సులో నిద్ర బాగానే పట్టింది.

పరీక్షనాడు మా శిక్షకుడు గుట్ట పక్కన దించుతుంటే హెలికాప్టర్ తోక ఒక తుమ్మచెట్టు వైపు జరిగింది. "ఆగండి సార్, వెనక చెట్టుంది!" అని అరిచాను. ఆయన ఆపారు. తర్వాత అందరం కూర్చున్నప్పుడు తన తప్పు బోర్డు మీద రాసి, నాకు థాంక్స్ చెప్పి, పాసయ్యావన్నారు. సంతోషం పట్టలేక వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

నాయన మురిసిపోయాడు. "అట్ల అరిస్తే మీ సారుకు కోపం రాలేదా?" అని అడిగాడు.

"లేదు నాయనా. అందరి ముందరా థాంక్స్ చెప్పినాడు."



"ఆ పొద్దు నువ్వు చెప్పకపోతే చేనంతా వట్టి సాళ్లు పోయుండేవి. నేను ఒక మంచి మాటన్నా అనలేదు గదప్పా నీకు" అన్నాడు మా నాయన.