ఇద్దరికీ కలిపి ఒక కార్డు

సోఫాల మేస్త్రి నోట్లో ఎప్పుడూ మేకులుంటాయి. పాత కుర్చీలకు కొత్త గుడ్డ వేసేవాళ్ళకు అది తప్పదు. ఎడమ చేత్తో గుడ్డను బిగించి లాగి పట్టుకోవాలి, కుడి చేతిలో సుత్తి ఉండాలి, ఇక మేకు అందించడానికి మిగిలేది నోరే. నాలుకతో ఒక్కొక్క మేకునూ పెదవుల మీదికి తోస్తాడు, అయస్కాంతమున్న సుత్తి మొనతో అందుకుంటాడు, కొడతాడు. ఈ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. విరిగిన కుర్చీ ఒకటి విప్పి, బిగించి, తప్పు తెలిశాక మళ్ళీ విప్పి నేర్చుకున్నాడు. గుడ్డ మార్చేటప్పుడు పాత గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి కొత్తదాని కింద ఉంచేస్తాడు. మళ్ళీ ఎప్పుడో ఇంకో మేస్త్రి విప్పితే, మొదట దీని మీద ఏముండేదో వాడికి తెలియాలి కదా అంటాడు.

"మా ఆయన మితభాషి అని అందరూ మెచ్చుకుంటారు. మితభాషీ లేదు, పాడూ లేదు, నోటినిండా మేకులు!" అనేది ఆయన భార్య.

ఆమె బస్ స్టేషన్లో టికెట్ల కౌంటర్లో పనిచేసేది. రోజంతా అద్దానికున్న కన్నంలోంచి మాట్లాడి ఇంటికొచ్చినా ఆమెకు మాటలు అయిపోయేవి కావు. ముందు గదిలో ఆయన సుత్తి చప్పుడు, వెనక వంటగదిలో ఆమె మాటల చప్పుడు. ఏది ఆగినా రెండోవాళ్ళు తల తిప్పి చూసేవాళ్ళు.

క్రెడిట్ కార్డు తీసుకుందామన్నది ఆమే. అంతకుముందు ఒకసారి మేస్త్రి తన పేరున అడగడానికి బ్యాంకుకు వెళ్ళాడు. జీతం చీటీ ఏదన్నారు. నాకు జీతమిచ్చేవాడెవడూ లేడు, నా చేతులే అన్నాడు. అయితే కుదరదన్నారు. మీ కుర్చీలో స్ప్రింగు ఊడింది, చూసుకోండి అని చెప్పి లేచి వచ్చేశాడు. ఇక ఆ గడప తొక్కనన్నాడు.

"మీరు తొక్కక్కర్లేదు లెండి," అని ఆమె ఒక సాయంత్రం వంటగది బల్ల మీద రెండు రంగుల కాగితాలు పరిచింది. "నాకు జీతముందిగా. అసలు కార్డు నా పేరున తీసుకుంటాను. దానికే జతగా ఇంకోటి మీ పేరు మీద ఇస్తారు. మీరు గీకినా నేను గీకినా లెక్క ఒక్కటే."

"అంటే నేను నీ తోకనా?"

"ఇన్నాళ్ళకు తెలిసిందా?"

ఏ కార్డు తీసుకోవాలన్న దగ్గర వాదన పడింది. ఒకటేమో కొన్నదాంట్లో కొంత ప్రతినెలా డబ్బుగా వెనక్కి ఇచ్చేది. ఇంకోటి పాయింట్లు ఇచ్చేది. అవి పోగైతే రైలు టికెట్లూ, దిగడానికి హోటల్ గదీ తీసుకోవచ్చు. మేస్త్రి మొదటిదాని మీద వేలు పెట్టాడు.

"చేతికొచ్చేదే మనది. పాయింట్లంటే గాలిలో దీపం."

"చేతికొస్తే ఏమవుతుంది? స్పాంజి అవుతుంది. దాన్నీ తీసుకెళ్ళి ఎవరి కుర్చీలోనో కుక్కుతారు." ఆమె రెండో కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది. "ఊళ్ళో అందరికీ టికెట్లు కోసిచ్చాను. నాకంటూ ఒక్కటి కోసుకోలేదు. సముద్రం చూడాలండీ. బస్సులో వద్దు, బస్సంటే ఆఫీసులా ఉంటుంది. రైల్లో, కిటికీ పక్కన."

మేస్త్రి ఆ కాగితానికి అంటించి ఉన్న నమూనా కార్డును పట్టుకుని అటూ ఇటూ వంచి, అంచును గోటితో గీరి చూశాడు.

"అదేమన్నా రెక్సినా, పట్టి చూస్తున్నారు?"

"గట్టిగానే ఉంది. సరే, ఇదే తీసుకో."

కార్డులొచ్చిన రోజు ఆమె రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసుకుంది. పెళ్ళిపత్రిక తర్వాత తమ పేర్లు జతగా అచ్చయింది ఇప్పుడేనంది. చేతిలో డబ్బు లేనిదే కార్డు తియ్యకూడదని ఇద్దరూ ఒక మాట అనుకున్నారు, ఆ మాట తప్పలేదు.

ఎవరు ఏం కొన్నా కబురు ఆమె ఫోనుకే వచ్చేది, టింగుమని. మేస్త్రి స్పాంజి దుకాణంలోంచి బయటికి అడుగుపెట్టేలోపే ఆమె కౌంటర్లోంచి ఫోన్ చేసేది. "ఏం కొన్నారు? మళ్ళీ ఆ ముదురు గోధుమరంగేనా? లోకంలో ఇంకో రంగు లేదా?" ఆయన "ఊఁ" అనేవాడు. అదే వాళ్ళ మధ్యాహ్నపు మాట. కాపలా కాస్తోందని మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత్తర్వాత ఫోను రావడం కాస్త ఆలస్యమైతే గుమ్మం దగ్గర నిలబడేవాడు.

పాయింట్లు పోగయ్యాయి. వెళ్దామా అని ఆమె అడిగినప్పుడల్లా మేస్త్రి చేతిలో ఏదో ఒక సోఫా సెట్టు ఉండేది. "ఇది అయిపోనీ" అనేవాడు. ఆ సెట్టు అయ్యేలోపు ఇంకోటి గుమ్మంలోకి వచ్చేది. "మీ కుర్చీలు అయిపోవు, నా పాయింట్లు ఎక్కడికీ పోవు, కానివ్వండి," అని నవ్వేసేది.

ఒక ఉదయం కౌంటర్లో ఎవరికో చిల్లర ఇస్తూ ఇస్తూ ఆమె తల బల్ల మీద వాల్చింది. ఆస్పత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయింది.

బస్ స్టేషన్ కబురు కదా, మేస్త్రి కంటే ముందు ఊరంతా తిరిగింది. రెండు వీధుల అవతల మందుల షాపులో పనిచేసే కూతురికి కూడా తోటి ఉద్యోగులే చెప్పారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ తెలిసే వచ్చారు. కొన్నాళ్ళకు ఆయన ముందు గదిలోకి వెళ్ళి నోటినిండా మేకులు పెట్టుకున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, సుత్తి చప్పుడు విని వెళ్ళిపోయేవాళ్ళు. అలా తన భార్య చనిపోయిందన్న మాట మేస్త్రి నోటి నుంచి ఒక్కసారీ బయటికి రాలేదు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆమె ఫోను వంటగది కిటికీ మీదే ఉండిపోయింది. రోజూ దాన్ని చార్జింగుకు పెట్టేవాడు.

ఆ కిటికీ సందులోకి తెరుచుకుంటుంది. సందుకు అవతల మేకుల షాపు. ఒకరోజు మేస్త్రి అక్కడ ఒక పొట్లం చిన్న మేకులు తీసుకుని, అలవాటు చొప్పున కార్డు గీకి వెనుదిరిగాడు. సందు అవతల నుంచి, తన ఇంటి కిటికీలోంచి, టింగుమంది.

మేస్త్రి కాలు అక్కడే ఆగిపోయింది. కబురు ఆమెకు అందింది. ఇప్పుడు అడుగుతుంది, ఏం కొన్నారని.

మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు.

"ఏం మేస్త్రీ, మేకులు తింటున్నావా? ఒకేసారి కిలో పట్టుకెళ్ళరాదూ?" అన్నాడు షాపాయన.

మేస్త్రి కార్డు చాచాడు. డబ్బు అందినట్టు చీటీ వచ్చింది. చీటీ తీసుకోకుండా ఆయన సందు వైపు తల తిప్పి నిలబడ్డాడు. షాపాయన ఆ చూపు వెంట చూశాడు, కిటికీ చూశాడు. సన్నగా ఆ చప్పుడు కూడా విన్నాడు. ఆ తర్వాత ఎన్నడూ వేళాకోళం చెయ్యలేదు. కార్డు గీకే ముందు చెయ్యి వెనక్కి పెట్టి షాపులో మోగే రేడియోను తగ్గించేవాడు. టింగుమన్నాక పెంచేవాడు.

కూతురు ఒక ఆదివారం ఇల్లు సర్దుతూ బల్ల సొరుగు లాగింది. లోపల విప్పని మేకుల పొట్లాలు.

"ఇన్ని ఎందుకు నాన్నా?"

"పడుంటాయి."

ఆమె కిటికీ మీది ఫోను తీసి చూసింది. రోజుకొకటి చొప్పున, అన్నీ మేకుల షాపు కబుర్లే. చివరికి ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"నాన్నా, అమ్మ లేదని బ్యాంకుకు చెప్పాలి. అమ్మ కార్డుకు జతగా ఇచ్చినదేగా నీది. అమ్మ లేకపోతే అదీ ఉండదు. చెప్పకుండా వాడటం తప్పు కూడాను. నేను చెప్పనా?"

"వద్దు తల్లీ. నేనే చెబుతాను."

చెప్పలేదు. చెబితే ఆ కిటికీ మూగబోతుంది.

చివరికి బ్యాంకే ఫోను చేసింది, ఆమె ఫోనుకు. ఆ అమ్మాయి గొంతు చాలా మర్యాదగా ఉంది. "మేడమ్ గారి కార్డు గడువు అయిపోతోంది సార్. కొత్తది పంపాలంటే మేడమ్ ఒక్కసారి మాతో మాట్లాడాలి. ఉన్నారా?"

"బయటికెళ్ళింది," అన్నాడు మేస్త్రి.

"ఎప్పుడొస్తారు సార్?"

మేస్త్రి గోడ వైపు చూశాడు. అవతల ఆ అమ్మాయి "హలో, సార్?" అంటూనే ఉంది. ఫోను కిటికీ మీద పెట్టేశాడు. ఆ రోజంతా సుత్తి పట్టలేదు. అబద్ధం ఆడినందుకు కాదు. ఎప్పుడొస్తారు అన్న మాటకు ఒక్క క్షణం తను కూడా సమాధానం వెతికినందుకు.

మర్నాడు పొద్దున వంటగదిలోంచి ఆమె కుర్చీని ముందు గదికి తెచ్చుకున్నాడు. కూర్చునే చోట గుడ్డ చిరిగి స్పాంజి కనబడుతోంది. "ఊరి కుర్చీలకు పట్టు, ఇంటి కుర్చీకి చిరుగు" అని ఆమె దెప్పుతూనే ఉండేది. ఇది అయిపోనీ అంటూ ఆయన దాన్నీ వాయిదా వేశాడు. పాత గుడ్డ విప్పాడు, పట్టీలు కొత్తవి బిగించాడు, నోట్లో మేకులు పెట్టుకున్నాడు. అప్పుడు మళ్ళీ ఫోను మోగింది.

మోగుతున్న ఫోను ముందు నిలబడి మేకుల్ని ఒక్కొక్కటే అరచేతిలోకి ఉమ్మాడు. అన్నీ వచ్చాక ఫోను ఎత్తాడు.

"సార్, మేడమ్ గారు వచ్చారా?"

"రాదమ్మా. చనిపోయింది. మా ఆవిడ చనిపోయింది."

చెప్పేశాడు. తన గొంతే తనకు ఎవరిదోలా వినబడింది.

అయ్యో, క్షమించండి సార్ అంది ఆ అమ్మాయి. తర్వాత మెల్లగా, ఏ కాగితాలు పంపాలో, ఇంట్లో ఎవరి చేత పంపించినా చాలునని, రెండు కార్డులూ ఈ రోజే ఆగిపోతాయని చెప్పింది. మేస్త్రి అన్నింటికీ ఊఁ కొట్టాడు.

"ఇందులో పాయింట్లు చాలా ఉన్నాయి సార్. ఇప్పుడిక ఇవి రద్దయిపోతాయి. ఇద్దరికీ రానూపోనూ టికెట్లు, మంచి గదీ వచ్చేవి. ఎందుకు వాడుకోలేదు సార్?" ఆ అమ్మాయి నిజంగానే బాధపడుతోంది.

"చెయ్యాల్సిన కుర్చీలు ఉండేవమ్మా," అన్నాడు మేస్త్రి.

మాట అయ్యాక ఫోను పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి అది ఆయన చేతిలోనే టింగుమంది. ఖాతా మూసేశామని, ఇన్నాళ్ళూ తమతో ఉన్నందుకు ధన్యవాదాలని, ఆమె పేరు పెట్టి రాశారు. అది రెండుసార్లు చదివాడు.

కార్డు సరిగ్గానే ఎంచుకుంది ఆమె. ఎంచుకోవడంలో ఏ లోపమూ లేదు.

కత్తెర తీసి రెండు కార్డుల్నీ అడ్డంగా కత్తిరించాడు. పాత గుడ్డలోంచి ఒక ముక్క కోసి, కార్డు ముక్కల్ని దాన్లో మడిచి, స్పాంజి మీద మధ్యకు కాకుండా కూర్చున్నప్పుడు గుచ్చుకోని చోటు చూసి ఓ మూలకు ఉంచాడు. మీద కొత్త గుడ్డ పరిచాడు. ముదురు గోధుమరంగు కాదు, నీలం. ఎప్పుడో కొని దాచినది. ఎడమ చేత్తో లాగి, మూలలు మడిచి, మేకులు కొట్టుకుంటూ వచ్చాడు. అడుగున అంచుకు పట్టీ వెయ్యాలంటే వెడల్పు తల మేకులు కావాలి. సొరుగు నిండా చిన్న మేకులే ఉన్నాయి.

సందు దాటి షాపుకెళ్ళాడు.

"వెడల్పు తలవి ఇవ్వు."

షాపాయన పొట్లం కట్టి, అలవాటుగా కార్డు మిషను ముందుకు జరిపి, చెయ్యి వెనక్కి పెట్టి రేడియో తగ్గించాడు. మేస్త్రి చొక్కా జేబులోంచి మడిచిన నోటు తీసి బల్ల మీద పెట్టాడు. షాపాయన నోటు వైపు చూశాడు, మేస్త్రి మొహం వైపు చూశాడు. చిల్లర తియ్యడానికి చెయ్యి కదల్లేదు. ఇద్దరూ సందు అవతలికి చూశారు. కిటికీ తెరిచే ఉంది.

"పెంచెయ్యవయ్యా," అన్నాడు మేస్త్రి. "రేడియో పెంచెయ్యి."