వెంటిలేటర్లో కుక్కిన చీర ముక్క

భీమవరంలో మా వైపు వీధుల్లో బాలింతకి నీళ్ళు పోయాలంటే ముందు దీనమ్మ పేరే తలుస్తారు. తను పోసిన నీళ్ళన్నీ ఒకచోట చేరిస్తే యనమదుర్రు కాలవ ఇంకో మూర పొంగుతుందని ఆమె తన మీద తనే నవ్వుకుంటుంది. చర్చి వెనక సందులో ఒంటిగది ఇల్లు. మొగుడు రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటూ కరెంటు తీగ తగిలి పోయాడు. చెరువు ఆసామి ఇచ్చిన డబ్బు సమాధి పెట్టె ఖర్చుకి సరిపోయింది. అక్కణ్ణుంచి దీనమ్మ ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఊళ్ళో పిల్లల్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది, తల్లులకి నలుగు పెట్టింది, సాంబ్రాణి వేసింది.

వెనకటికి ఆ పనంతా పెరట్లో జరిగేది. మూడు రాళ్ళ మీద కాగు, కింద కొబ్బరి మట్టల మంట, చుట్టూ తడిక. ఇప్పుడు పెరళ్ళు పోయి, మెట్ల కింద అగ్గిపెట్టెంత బాత్రూములొచ్చాయి. లోపలి గోడకి గ్యాస్ గీజరు. కాగు మారింది గాని గాలి భయం మారలేదు. పచ్చి బాలింతకి గాలి సోకితే వాతం చేస్తుందని అందరికీ నమ్మకమే, దీనమ్మకి మరీను. ఏ ఇంటికి వెళ్ళినా ముందు వెంటిలేటర్లో పాత చీర ముక్క కుక్కి, తలుపు కింద గోనె మడిచి పెట్టి, ఆ తర్వాతే బాలింతని లోపలికి పిలిచేది.

అప్పుడు ఆమె చేతిలో ఇద్దరు బాలింతలున్నారు. ఒకరు ఆశాజ్యోతి టీచరు, దీనమ్మ వెళ్ళే చర్చికే వస్తుంది, అద్దె వాటాలో ఉంటుంది. రెండోది పక్క వీధిలో స్టీలు సామాన్ల కొట్టు బుల్లిబాబు గారి కూతురు వెంకటదుర్గ. తొలికాన్పుకి పుట్టింటికొచ్చి మగపిల్లాణ్ణి కంది.

స్నానం అవగానే దుర్గకి తల దిమ్మెక్కేది, కడుపులో తిప్పేది. "నీలో రక్తం లేదే తల్లీ" అని వాళ్ళమ్మ నాగరత్నం అన్నంలో ఇంకో చెంచా నెయ్యి వేసేది. దీనమ్మకీ తల బరువెక్కేది. బీపీ అనుకుని ఆసుపత్రిలో ఇచ్చిన మాత్ర మింగేది.

ఇంతలో బుల్లిబాబు ఇంట్లో గీజరు ఊరికే ఆరిపోవడం మొదలెట్టింది. రిపేరుకి చిట్టియ్య వచ్చాడు. మూత విప్పి, మంట వెలిగించి చూసి పెదవి విరిచాడు.

"మంట నీలంగా రావాలండి. ఇది పసుపుపచ్చగా వస్తోంది. మసి పట్టేసింది. అసలు దీన్ని లోపల పెట్టకూడదండి. వెనక గోడకి కన్నం కొట్టి, గీజరు బయట బిగించి, నీళ్ళ పైపొక్కటే లోపలికి తేవాలి."

"ఎంతవుతుందేంటి?" అన్నాడు బుల్లిబాబు.

"పైపులు, మేస్త్రి కూలి, అన్నీ కలిపి మూడువేల అయిదొందలండి."

"శుభ్రం చేసి వదిలేస్తే?"

"నాలుగొందలండి."

బుల్లిబాబు నవ్వాడు. "చిట్టియ్యా, నేనూ కొట్లో కూర్చునేవాణ్ణేనయ్యా. గ్లాసు కోసం వచ్చినవాడికి బిందె అంటగట్టడం నాకు నేర్పకు. మంట రంగు బాగోలేదని గోడ పగలగొట్టుకోనా? అమ్మాయి రెండు నెలల్లో అత్తారింటికి పోతుంది."

"మీ ఇష్టమండి. నా మాట నేను చెప్పాను" అని చిట్టియ్య బ్రష్షు తీశాడు.

ప్రాణం పోతుందన్న మాట మాత్రం అతని నోటి నుంచి రాలేదు. అంటే పని కోసం బెదిరిస్తున్నాడంటారు, ఊరుకుంటే నాలుగొందలైనా వస్తాయి. రిపేరు మనిషి చెప్పే ప్రతి మాటా మనకి బేరంలాగే వినపడుతుంది. అలా వినపడేలా చేసిందీ కొంత వాళ్ళే. ఇద్దరు మగాళ్ళు గుమ్మంలో నిలబడి ఖర్చు తేల్చేశారు. లోపల కూర్చుని స్నానం చెయ్యాల్సిన మనిషిని ఎవరూ అడగలేదు. అక్కడే సాంబ్రాణి దంచుతున్న దీనమ్మ కూడా నోరు విప్పలేదు. గోడకి కన్నం పెడితే గాలొస్తుందేమోనని ఆమె గుబులు ఆమెది.

మర్నాడు పొద్దున్న ఈదురుగాలి, జల్లు. వరండాలో బుల్లిబాబు బారసాల భోజనాల గురించి వంట మేస్త్రితో మాట్లాడుతున్నాడు.

"దీనమ్మా, వెంటిలేటర్ గట్టిగా మూశావా?" అని వంటింట్లోంచి నాగరత్నం అరిచింది.

"ఆయ్, చీమ కూడా దూరదండి" అంది దీనమ్మ.

దుర్గ పీట మీద కూర్చుంది. గీజరు నుంచి వేడినీళ్ళు బకెట్టులోకి పడుతున్నాయి. దీనమ్మ వీపుకి నలుగు రుద్దుతూ కబుర్లలో దింపింది. "బాబుకి ఏం పేరు పెడుతున్నారు అమ్మాయిగారూ?"

"మా ఆయన ఒకటంటారు, మా అత్తగారు ఇంకోటంటారు."

"కన్నది మీరు కదండీ. మీరేమంటారు?"

"నేనా..." దుర్గ మాట ముద్దగా వచ్చి ఆగిపోయింది. "దీనమ్మా, చెవుల్లో హోరు..." అంటూ తల వాల్చేసింది.

దీనమ్మ కణతలు అదిరిపోతున్నాయి. పొద్దున్నే మాత్ర వేసుకుంది కదా! బీపీ అయితే ఇద్దరికీ ఒక్కసారే ఎందుకొస్తుంది? ఇంటికి పోయే దారిలో చల్లగాలికి ఎందుకు తగ్గిపోతుంది? తలెత్తి గీజరు వైపు చూసింది. చిట్టియ్య నిన్న తుడిచిన చోటే మళ్ళీ మసి. కంతలోంచి మంట పసుపుపచ్చగా ఊగుతోంది.

తలుపు గడియ పట్టుకుంది. నలుగు నూనె చేతులకి గడియ జారిపోయింది. రెండోసారీ జారింది. పైటకి తుడుచుకుని లాగితే గడియ వచ్చింది, తలుపు రాలేదు. తను మడిచి పెట్టిన గోనే అడ్డం పడింది. "ప్రభువా, ప్రభువా" అంటూ మోకాళ్ళ మీద పడి, గోనెని గోళ్ళతో పీకి, తలుపు లాగింది. తువ్వాలు దుర్గ మీద కప్పి, చంకల కింద చేతులు వేసి, వరండాలోకి ఈడ్చుకొచ్చేసింది.

వంట మేస్త్రి గోడవైపు తిరిగిపోయాడు. నాగరత్నం గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "ఓసి దీనమ్మా, మతి పోయిందా నీకు? మగాళ్ళ ముందుకి, ఈ గాలిలోకి, పచ్చి బాలింతని లాక్కొస్తావా? లోపలికి తీసుకెళ్ళు!"

"వద్దండి." దీనమ్మ మెట్టు మీద కూలబడి రొప్పుతూ ఊపిరి పీలుస్తోంది. "గాలి తగలనివ్వండి."

ఆ మాట తన నోట రావడం ఆమెకే వింతగా వినిపించింది.

జల్లు కొడుతుంటే దుర్గ మెల్లగా కళ్ళు తెరిచింది. నాగరత్నం దుప్పటి కప్పి, కాసేపటికి నూనె రాసిన పిల్లాణ్ణి ఎత్తుకొచ్చింది. "దానికి నీరసం, పోనీ. నీళ్ళు వేడిగా ఉన్నాయి, వీడికైనా పొయ్యి."

"ఆ గదిలో పొయ్యనండి. ఆ మంటలో ఏదో విషముందండి. అమ్మాయిగారికి రోజూ వచ్చేది నీరసం కాదు."

"నీకు బీపీ కొట్టి గీజరు మీదికి తోస్తావేంటి?" బుల్లిబాబు లేచాడు. "గోడ పగలగొట్టిస్తే చిట్టియ్య నీకెంత ఇస్తానన్నాడు?"

దీనమ్మ ముఖం ఎర్రబడింది. "అలాగే అనుకోండి బాబుగారూ. మీరు లోపలికెళ్ళి తలుపేసుకోండి. నేనిక్కడ కూర్చుని మీకోసం ప్రార్థన చేస్తాను. వేరే మనిషిని పెట్టుకుంటారా, పెట్టుకోండి. గుమ్మంలో ఆపి ఆవిడకీ ఇదే చెబుతాను."

"ఎంత పొగరు..."

"నాన్నా." దుర్గ గొంతు సన్నగా వచ్చింది. "గోడకి కన్నం పెట్టడానికి ఎంతన్నాడు?"

బుల్లిబాబు చెప్పాడు.

"బారసాలకి ప్లేటెంత?"

గోడవైపు చూస్తూనే వంట మేస్త్రి అన్నాడు, "రెండొందల యాభై అమ్మా."

"అయితే పద్నాలుగు ప్లేట్లు" అంది దుర్గ. "పద్నాలుగు మందిని పిలవడం మానెయ్యి నాన్నా. నేనూ నా కొడుకూ అంతకంటే ఖరీదు ఉండమా?"

నాగరత్నం పిల్లాణ్ణి గుండెలకి అదుముకుని మొగుడి వైపు చూసింది. బుల్లిబాబు ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళి గీజరు కట్టేసి వచ్చాడు. ఆ కాసేపట్లోనే దగ్గొచ్చిందో, వచ్చినట్టు అనిపించిందో గాని, ముఖం తుడుచుకుని ఫోన్ తీశాడు. ముందు ఆటోకి, తర్వాత చిట్టియ్యకి.

"నువ్వూ ఆటో ఎక్కు దీనమ్మా, డాక్టరుకి చూపిస్తాం" అన్నాడు నేల చూస్తూ.

దీనమ్మ బాత్రూములోకి తొంగి చూస్తోంది. పైన వెంటిలేటర్లో చీర ముక్క, తన చేత్తో కుక్కిందే, తడిసి ఉబ్బి బిగుసుకుపోయింది. ఆకుపచ్చ చీర అంచు. మిగతా సగం ఎక్కడుందో ఆమెకి గుర్తొచ్చింది. మొన్నే దాన్ని తను ఆశాజ్యోతి టీచరు వాళ్ళ బాత్రూములో కుక్కింది. తీయలేదు. అక్కడా లోపలే గీజరు. అద్దె ఇల్లు కనక గోడ జోలికి పోయే వీలే లేదు. అక్కడా తనకి తల పట్టేసేది!

ఫోన్ చేసింది. రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

"ఆటో వస్తోంది, ఉండు" అంటున్నా వినకుండా దీనమ్మ చెప్పుల్లేకుండా జల్లులో పడి నడిచింది. వీధి మలుపులో కళ్ళు తిరిగితే కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి, మళ్ళీ కదిలింది.

ఆశాజ్యోతి తల్లి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. "ఏంటే దీనమ్మా, ఇంత ఆలస్యం? ఎంతకీ రావని అదే వెళ్ళింది స్నానానికి. నువ్వు చెప్పినట్టే తలుపు కింద గోనె కూడా పెట్టుకుంది."

దీనమ్మ ఆగలేదు. ఇంటి పక్క సందులోకి దూరి, బట్టలారేసే కర్ర అందుకుని, బయటి నుంచి వెంటిలేటర్లోకి పొడిచింది. ఆకుపచ్చ అంచు కర్రకి చుట్టుకుంది. లాగితే గుడ్డ ముద్ద ఊడి బురదలో పడింది.

"ఎవరది?" లోపలి నుంచి ఆశాజ్యోతి అరిచింది. గొంతు మగతగా ఉంది, కోపంగానూ ఉంది. ఆ కోపం వినగానే దీనమ్మకి ప్రాణం లేచొచ్చింది. "గాలొస్తోంది! ఎవరు తీశారు?"

"నేనే టీచరమ్మా." దీనమ్మ కర్ర మీద ఒరిగి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని కేకేసింది. "రానీ! ఆ మంట కట్టేసి, తలుపు కూడా తియ్యి!"