రెండు వందల ఇరవై గ్రెయిన్ల గుండు

"స్నానం ఎక్కడ చెయ్యమంటావే? వంటింటి సింకులోనా?"

"సేస్తే సేయండి. ఒక్క పూటకి అరిగిపోరు."

"టబ్బు నిండా పాత పేపర్లు! మూడు రోజుల్నించి నానబెట్టావు, కంపు కొడుతున్నాయి. ఇది ఇల్లా, కాగితాల మిల్లా?"

"నానాల. ఎండు కాగితం మీద కొడితే ఏటి తెలుస్తాది? ఎలుగు ఒళ్ళంతా నీరూ కండాను."

"ఆ ఎలుగు మాట నా దగ్గర ఎత్తకు!"

వాళ్ళు గదిగా మార్చి అద్దెకిచ్చిన గరాజులో పడుకున్న హర్షవర్ధన్ దుప్పటి తీసి కూర్చున్నాడు. కివీల దేశంలో, హామిల్టన్ శివారు రోటోటూనాలో కొత్త ఇళ్ళ గోడలు అట్టముక్కల్లాంటివి. అవతల తుమ్మితే ఇవతల చిరంజీవ అనొచ్చు. శనివారం పొద్దున్న ఎనిమిదింటికి ఆ మొగుడూ పెళ్ళాల గొడవ వినకుండా ఉండాలంటే చెవిటివాడై పుట్టాలి.

"సుబ్బరామయ్య గారు ఎంత మర్యాదగా అడిగారు! నీ బదులు ఆయన వెళ్తానన్నారు. చర్మం తెచ్చి నీకే ఇస్తానన్నారు."

"సర్మం నాకెందుకండీ? నా సర్మం నాకుంది."

హర్షకి నవ్వొచ్చింది. నోటికి దిండు అడ్డం పెట్టుకున్నాడు.

రాహేలమ్మకి యాభై మూడేళ్ళు. అయిదడుగులకి రెండంగుళాలు తక్కువ. హామిల్టన్‌లో ఒక రెస్ట్‌హోంలో ముసలివాళ్ళకి నీళ్ళు పోసి, బట్టలు మార్చి, పక్కలు తిప్పే ఉద్యోగం పద్నాలుగేళ్ళుగా చేస్తోంది. భర్త సుందర్ రాజు పాలపొడి ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఆదివారం చర్చి, సోమవారం డ్యూటీ. ఇంతవరకూ అందరి బతుకు లాంటిదే. ఆవిడ చేతికి రైఫిల్ ఎలా వచ్చిందంటే, ఆ రెస్ట్‌హోంలో కెన్ అనే ముసలాయన ఉండేవాడు. ప్రభుత్వం కోసం అడవుల్లో మితిమీరిన జింకల్ని ఏరివేసిన మనిషి. ఆయనకి గడ్డం గీస్తున్నంతసేపూ తుపాకుల కబుర్లే. వినీ వినీ, ఆయన పోయాక ఈవిడ లైసెన్సు పరీక్ష రాసి పాసై, పాత థర్టీ ఓ సిక్స్ రైఫిల్ ఒకటి కొనుక్కుని, వేటగాళ్ళ క్లబ్బులో చేరింది. ఏడాదికి నాలుగైదు జింకలు. ఆ మాంసంతో పచ్చడి పెట్టి చర్చిలో పంచుతుంది. పచ్చడి అందరికీ కావాలి. పెట్టినావిడ చేతిలో తుపాకీ ఎవరికీ నచ్చదు.

ఇలా ఉండగా ఆ ఏడు, అంటే రెండు వేల పద్నాలుగు ఫిబ్రవరిలో, క్లబ్బువాళ్ళు లాటరీ పెట్టారు. బహుమతి కెనడాలో పది రోజుల గ్రిజ్లీ ఎలుగు వేట. గైడు, గుడారం, విమానం టికెట్టు అన్నీ అందులోనే. రాహేలమ్మ కొన్న టికెట్టు తగిలింది. స్టేజి మీదివాడు "మిస్టర్ రాహేల్" అని పిలిచాడు. ఈవిడ లేచి నడుస్తుంటే హాలంతా నవ్వింది. ఆ రోజు మొదలు ఊరందరిదీ ఒకటే పాట: ఎవరికైనా ఇచ్చెయ్.

కెనడా నుంచి కంపెనీవాళ్ళ ఉత్తరం కూడా వచ్చింది. వేటకి వచ్చే మనిషి పేరు, రైఫిల్ క్యాలిబర్ అంటే గొట్టం కొలత, గుండు బరువు సోమవారంలోగా తెలపాలి. త్రీ థర్టీ ఎయిట్ మాగ్నం గానీ అంతకన్నా పెద్దది గానీ తెస్తే మంచిదని తమ సలహా. రాహేలమ్మ దాని లాంటి చిన్నది తెస్తే గైడు ఒప్పుకోవాలి, గురి బాగుందని క్లబ్బు సంతకం పెట్టాలి. చివర్లో ఇంకో వాక్యం: ఆవిడకి ఇబ్బందైతే క్లబ్బు మరొకరిని పంపినా తమకి అభ్యంతరం లేదు.

ఆ చివరి వాక్యమే రాహేలమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

గరాజు తలుపు మీద దబదబా చప్పుడైంది. "హర్షా! లేచావా? బండి తీయి బాబూ. మీ అంకుల్ రారంట."

హర్ష తల్లిదండ్రులు గంట పైచిలుకు దూరాన టకానినిలో ఉంటారు. యూనివర్సిటీ ఆల్బనీ క్యాంపస్‌లో చదువు మధ్యలో వదిలేశాక ఆ ఇంట్లో రోజూ పంచాయితీ పడలేక ఇక్కడికొచ్చి కొరియర్ వ్యాన్ తోలుకుంటున్నాడు. ఎవరేం చెప్పినా ఎదురు చెప్పడం అతనికి అలవాటు. కానీ రాహేలమ్మ చెప్పదు, పని పురమాయిస్తుంది. దానికి ఎదురు చెప్పడం అతనికి ఇంకా చేతకాలేదు.

నీళ్ళోడే పేపర్ల కట్టలు తన పాత స్టేషన్ వేగన్‌లో ఎక్కిస్తుంటే, కిటికీలోంచి సుందర్ రాజు ఒక చూపు చూసి పరదా లాగేశాడు.

క్లబ్బు మైదానానికి వెళ్ళే రాగ్లన్ దారి పట్టాక హర్ష అడిగాడు. "ఆంటీ, ఒక మాట అడుగుత. కోపం చేయొద్దు. ఆ ఎలుగు మీకేం జేసింది?"

"ఏటీ సేయలేదు."

"మరి ఎందుకు సంపుడు?"

 ఆవిడ పేషెంటు చార్టు చదివినట్టు, ఎత్తూ పల్లం లేకుండా చెప్పింది. వాళ్ళది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటలు. పళ్ళు పండే కాలంలో ఎలుగులు కొండ దిగి వస్తాయి. ఆవిడకి తొమ్మిదేళ్ళప్పుడు, తోటలో పిక్కలు ఏరుతున్న తల్లికి అల్లంత దూరాన ఒకటి కనిపించింది. దాని మానాన అది తింటోంది. చిన్నాన్న నాటు తుపాకీ పట్టుకొచ్చి పేల్చాడు. అందులో దట్టించింది సైకిలు చక్రంలో వేసే ఉక్కు గుళ్ళు. అవి బొచ్చులో, తోలులో దిగబడ్డాయి, అంతకు మించి పోలేదు. చిన్నాన్న చెట్టెక్కాడు. ఎలుగు తల్లి మీద పడింది. ఒక కన్ను, ఒక చెంప తీసుకుపోయింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికిందామె, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని.

"అయితే పగ అన్నట్టు," అన్నాడు హర్ష.

"ఛ! పగేటి? ఆ ఎలుగు ఎప్పుడో సచ్చింది. దాని తప్పేటి ఉంది? తప్పు మా సిన్నాన్నది. సగం దెబ్బ కొట్టినోడిది." వేలు పైకెత్తింది. "ఇక్కడ అందరూ నన్ను ఏ తుపాకీ, ఏ తుపాకీ అని అడుగుతారు. గుండేటని ఒక్కడూ అడగడు."

"మరి గక్కడికి పోయి తప్పకుండ కాలుస్తరా?"

"తెలీదు. కాల్చకపోవచ్చును. కాల్చను అనడానికైనా నేనక్కడ ఉండాల కదా! అది నేను తేల్చుకోవాల. సుబ్బరామయ్య గారు కాదు."

 జింకల్నే చంపడం ఇష్టం లేనివాడు హర్ష. ఆవిడ మాట పూర్తిగా నచ్చలేదు. అబద్ధం అని మాత్రం అనిపించలేదు.

కొండ వెనక క్లబ్బువాళ్ళ మైదానంలో సుబ్బరామయ్య అప్పటికే ఉన్నాడు. రోటోటూనాలో సగం ఇళ్ళు అమ్మిపెట్టిన ఏజెంటు. కంచెల మీది బోర్డుల్లో ఆయన నవ్వే కనిపిస్తుంది. భుజాన కొత్త త్రీ థర్టీ ఎయిట్ మాగ్నం తళతళలాడుతోంది.

"రా చెల్లెమ్మా, రా! ఏంటీ, పేపర్లేసే పనిలో చేరావా?"

"లేదన్నగారూ. ఇదే ఎలుగు. దణ్ణం పెట్టండి."

ఆయన పగలబడి నవ్వాడు. "చూడమ్మా, నీ మంచికే చెప్తున్నా. అది రెస్ట్‌హోం ముసలాయన కాదు, డైపర్ మార్చి పడుకోబెట్టడానికి."

"తొంభై కేజీల ముసలాయన్ని ఒక్కరే పక్క తిప్పారా ఎప్పుడైనా? నేను రోజుకి పదకొండుమందిని తిప్పుతాను. అవతలకి జరగండి."

క్లబ్బు సెక్రటరీ, మోత తగలకుండా చెవులకి మఫ్లు తగిలించుకున్న పెద్దవయసు కివీ. సంతకం పెట్టాల్సిన మనిషి ఆయనే. ముక్కాలిపీట వేసుకు కూర్చున్నాడు.

అడుగు మందం కట్టలు ఒకదాని వెనక ఒకటి మూడు నిలబెట్టారు. రాహేలమ్మ ముందు తను జింకలకి వాడే నూటయాభై గ్రెయిన్ల గుండు కాల్చింది. గ్రెయినంటే గుండు బరువు తూచే కొలత. మొదటి కట్ట మీద నీళ్ళు ఎగజిమ్మి పెద్ద గుంట పడింది.

"అబ్బో! బొక్క చూశావా!" అన్నాడు సుబ్బరామయ్య.

ఆవిడ వంటింటి గరిటెతో తవ్వింది. మొదటి కట్టలోనే, జానెడు లోతులో, గుండు తునకలు దొరికాయి. ఇంటి నుంచి తెచ్చిన చిన్న త్రాసు మీద వేస్తే నాలుగు గ్రాములు. బయల్దేరినప్పుడు దాదాపు పది.

"బొక్క పైన కాదన్నగారూ. లోపలికి పోవాల."

తర్వాత రెండు వందల ఇరవై గ్రెయిన్లది. నిడుపాటి గుండు, మొద్దుగా, సగం చిటికెన వేలంత ఉంది. పైన రంధ్రం చిన్నదే. గరిటె రెండు కట్టలు దాటి మూడోదాంట్లో సగం దాకా వెళ్ళాల్సొచ్చింది. ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుని, తోక చెక్కుచెదరకుండా ఉంది. పన్నెండు గ్రాములు. బయల్దేరింది పద్నాలుగు.

సుబ్బరామయ్య వంతు. మాగ్నం మోతకి కొండ మీది గొర్రెలు పరిగెత్తాయి. గుండు రెండో కట్టలో నుజ్జునుజ్జుగా తేలింది.

"మీ తుపాకీ పెద్దదే," అంది రాహేలమ్మ. "అందులో మీరు పెట్టింది జింకల గుండు."

"ఓస్! బరువైన గుండు కొంటా. అప్పుడు నా దెబ్బ నీదానికి రెండింతలు. కాదంటావా?"

"కాదన్ను. కొనండి. కానీ దాన్ని ఎవరు కాలుస్తారు?"

"అంటే?"

"మీరు పేల్చినప్పుడు కళ్ళు మూసేస్తన్నారు."

సుబ్బరామయ్య నవ్వు ఆగిపోయింది. "నేనా? ఎవరు చెప్పారు?"

రాహేలమ్మ సెక్రటరీ వంక చూసి రెండు ముక్కలు చెప్పింది. ఆయన తల ఊపి సుబ్బరామయ్యను పక్కకి తిరగమన్నాడు. మందు లేని డమ్మీ తూటా ఒకటి, అసలువి రెండూ కలిపి, ఏది ఎప్పుడొస్తుందో తెలియకుండా రైఫిల్‌లో పెట్టి ఇచ్చాడు. ఈసారి దగ్గర నుంచి కాదు, వంద మీటర్ల నుంచి. గురి ఒక కాగితం పళ్ళెం. మొదటిది పేలింది. పళ్ళెం కదల్లేదు. రెండోసారి సుబ్బరామయ్య మీట నొక్కాడు. టిక్కుమంది. పేలలేదు. కానీ గొట్టం చివర జానెడు కిందికి వంగింది, ఎవరో పైనుంచి మొత్తినట్టు. కళ్ళు గట్టిగా మూసుకుని, భుజం ముందుకి తోసుకుని, రాని దెబ్బ కోసం ఆయన బిగుసుకుని ఉన్నాడు.

హర్ష నవ్వాపుకోలేకపోయాడు. "అంకుల్, పేలకముందే ఉలికిపడ్డరు!"

"ఏయ్, నువ్వెవడివిరా!"

"ఇప్పుడు నాకు పెట్టండి," అంది రాహేలమ్మ. "మీ చేత్తోనే."

సుబ్బరామయ్య పంతం కొద్దీ డమ్మీనే ముందు పెట్టాడు. ఆవిడ పడుకోలేదు, బల్లకి ఆనుకోలేదు. మోకాలు నేలకి ఆన్చి కూర్చుంది. టిక్. గొట్టం కదిలింది. గోరంత.

"కదల్లేదు," అన్నాడు హర్ష.

"కదిలింది," అందావిడ. "నాకు తెలుసు. మళ్ళీ పెట్టండి."

మళ్ళీ పెట్టారు. మూడోసారికి, నాలుగోసారికి టిక్కుమన్నా గొట్టం రాయిలా నిలబడింది. మధ్యలో పేలినవి అయిదు. ఒకటి పళ్ళెం అంచు చీల్చింది. మిగతా నాలుగూ అరచేతితో మూసేంత చోటులో ఉన్నాయి. సెక్రటరీ దుర్భిణీ దించి, జేబులోంచి పెన్ను తీశాడు.

రైఫిల్ సంచిలో పెట్టుకుంటూ సుబ్బరామయ్య, ఈసారి నవ్వకుండా, అన్నాడు. "ఒప్పుకున్నానమ్మా. కానీ అక్కడ పేపర్లు మీదికి పరిగెత్తుకు రావు. ఎలుగొస్తుంది."

"మీరెళ్ళినా అదే కదా వచ్చేది."

 ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. రాహేలమ్మ కుడి భుజం నిమురుకుంటూ అక్కడే నిలబడింది. అప్పటిదాకా నొప్పి ఉందని హర్షకి తెలియదు.

ఇంటికొచ్చేసరికి సుందర్ రాజు గుమ్మంలో ఉన్నాడు. సంతకం కాగితం చూశాడు, తిప్పి ఇచ్చేశాడు.

"ఇప్పటికీ ఇంకో పేరు రాయొచ్చు," అన్నాడు మెల్లిగా.

"రాయొచ్చండి. రాయను."

"నీకేమన్నా అయితే నేనేమైపోవాలే?"

ఆ మాటకి మాత్రం రాహేలమ్మ దగ్గర వెటకారం లేదు. ఆయన చొక్కా బొత్తాం ఊడిపోబోతుంటే సరిచేసింది. "భయం నాకూ ఉంది. భయం ఉందని పేరు ఇచ్చేయమంటే ఎలా?"

"ఎయిర్‌పోర్టుకి నేను రాను."

"బస్సుంది."

ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. గేటు చప్పుడయ్యేదాకా ఆవిడ అలాగే చూసింది. తర్వాత తిన్నగా గరాజు గదిలోకి వచ్చి, హర్ష మంచం మీద కూర్చుంది.

"లాప్‌టాప్ తీయి. కెనడావాళ్ళకి రాయాల. నా ఇంగ్లీషుకి వాళ్ళు నవ్వుతారు, నీది బాగుంటాది."

హర్ష తెరిచాడు. తమరు పెద్దమనసు చేసుకుని అనుమతిస్తే ఎంతో కృతజ్ఞురాలినై ఉంటానని, కాలేజీలో నేర్పినట్టు, మొదటి వాక్యం టకటకా కొట్టాడు. ఆవిడ వంగి, పెదాలు కదుపుతూ అక్షరం అక్షరం చదివింది.

"ఇది కొట్టేయి."

కొట్టేశాడు.

"నా పేరు పూర్తిగా రాయి. ముందు మిసెస్ అని పెట్టకు. థర్టీ ఓ సిక్స్. రెండొందల ఇరవై గ్రెయిన్లు. నా రైఫిల్ నేనే తెచ్చుకుంటానని రాయి. నా బదులు ఎవరూ రారని రాయి. అంతే. ఒక్కటే అడుగుతున్నా బాబూ, ఎక్కడా ప్లీజ్ అని మాత్రం రాయకు."