ఇంటి నంబరు లేని బోనం

ఉప్పుగూడలో మా గల్లికి పుణ్యం మీద మస్తు మోజు. గల్లి మొదట్ల మసీదు, నడుమ చర్చి, కొసకు అమ్మవారి గుడి. మూడు కమిటీలు ఒకదాన్నొకటి అడిగి ఏ పనీ చేయవు గానీ, చలి మొదలయ్యిందంటే మాత్రం మూడింటికీ ఒకటే ఆలోచన తోస్తది: దుప్పట్లు పంచుడు.

మసీదు పక్కన మూతపడ్డ దుకాణం ఒకటుంది. దాని షట్టరు ముందట ఒక అక్క పండుకుంటది. అరవై ఏండ్లుంటయ్. పగలంతా హోటళ్లకు ఎల్లిగడ్డ ఒలుస్తది. పోయిన చలికాలం ఆమెకు గుడి నుంచి ఒక దుప్పటి, మసీదు నుంచి ఒకటి, చర్చి నుంచి రెండు వచ్చినయ్. ప్రతి దుప్పటికీ ఒక ఫోటో. నేను బీఏ చదివినదాన్ని, నాకు అందరికంటె ఎక్కువ తెలుసు గనుక, ఫోటో లేకుండ అయిదోది తీసుకపోయి ఇచ్చిన.

ఆమె దాన్ని తడిమి చూసింది. "మంచిగుంది చెల్లె. ఇవన్నీ పెట్టుకుంటందుకు బీరువా ఎప్పుడు తెస్తవ్?" అన్నది.

ఆ మాటతోని మాకు దోస్తీ కుదిరింది. నా అంత నోరున్న మనిషి ఈ గల్లిలో ఇంకొకతి ఉందని అప్పటిదాక నాకు తెల్వది.

నిజానికి ఆమె మాకు పరాయిది కాదు. ఇదే గల్లిలో ఒక్క రూములో ఇరవై ఏండ్లు కిరాయికి ఉన్నది. రెండేండ్ల కింద వానలకు దాని కప్పు కూలింది. ఓనరు ఆ జాగల బిల్డింగు లేపిండు. కిరాయి ఆమెకు అందనంత పైకి పోయింది, ఆమె షట్టరు కిందికి వచ్చింది.

ఆషాఢం రాంగనే ఒకనాడు ఎల్లిగడ్డ ఒలుచుకుంటనే అన్నది, "ఈసారి నేను బోనం ఎత్తుత."

"ఎత్తు. ఎవరొద్దన్నరు?"

"మీ లిస్టు వద్దంటది. రూమున్నన్ని రోజులు ఎత్తిన. ఇప్పుడు పండుగ నాడు నా చేతుల పెట్టేటోళ్లే గానీ, నేను పెడితె తీసుకునేటోళ్లు లేరు."

లిస్టు సంగతి చెప్పాలె. ఎవరి బోనం ముందు పోవాలె అని ఒకప్పుడు గుడి ముందట పెద్ద లొల్లి అయ్యింది. ఇద్దరు తోడికోడండ్లు తలల మీద కుండలతోనే కొట్లాడుకున్నరు. అప్పటి సంది కమిటీ ఒక పద్ధతి పెట్టింది: ఇంటి నంబర్ల వరుసల లైను. ఇగ ఎవరికీ కొట్లాడే సందు లేదు. మొదటి నంబరు మాది. పదకొండేండ్ల నుంచి లైనుకు ముందు నేనే నడుస్తున్న. దాంట్లో నా గొప్పతనం ఏం లేదని అందరికీ చెప్పుకుంటనే ఉంట.

గుడి కమిటీ మీటింగు నాడు అక్కను వెంట తీసుకపోయిన. ఆమె గుమ్మం కాడ్నే కూసున్నది. కమిటీ పెద్దమనిషి కరెంటు డిపార్టుమెంటుల లైన్‌మన్‌గ చేసి రిటైరయిండు. మంచోడే, రూల్సు అంటే మాత్రం ప్రాణం.

"అన్నా, ఈ అక్క పేరు రాయి."

"ఇంటి నంబరు?"

"లేదు."

"మరి ఏడ నిలబెట్టాలె? నువ్వే చెప్పు."

చెప్పిన. అరగంట చెప్పిన. అమ్మవారు మనిషిని చూస్తదా, తలుపు మీది నంబరు రేకును చూస్తదా అని అడిగిన. ఇల్లు లేనోళ్లకు దుప్పటి ఇచ్చుడు అలకగనే ఉంటది, లైనుల జాగ ఇచ్చుడే కష్టమని అన్న. ఆ మాట నాకే మస్తు నచ్చింది, అందుకని రెండుసార్లు అన్న.

"నీ నోటికి దండం చెల్లె," అన్నడాయన. "నాకు నంబరు కావాలె, ఉపన్యాసం కాదు."

"షట్టరు ముందట కరెంటు స్తంభం ఉన్నది గద. దానికి నంబరు లేదా? నీ చేతులతోనే రాసినవ్. అదే రాయి," అన్న నేను.

ఆయన పెన్ను ఆపిండు. మెల్లగ నవ్విండు. "ఉన్నది. ఒకటో నంబరు స్తంభం. గల్లిల మీ ఇంటి కంటె ముందు వస్తది. అంటే మొదటి బోనం ఆమెది, రెండోది నీది. రాయమంటవా?"

ఆడోళ్లంత నా దిక్కు చూసిండ్రు. రాయి అన్న. ఈ మాట మాత్రం ఒక్కసారే అన్న.

అంతటితో ఆగితే బాగుండు. "బోనం ఏ పొయ్యి మీద వండుతది?" అని వెనుక నుంచి ఒకామె అడిగింది. మళ్ల అందరు నా దిక్కే చూసిండ్రు. నా వంటింట్లకు మా ఆయన్నే రానియ్య. తల వంచుకొని కొంగు సర్దుకున్న. అప్పుడు గుమ్మం కాడ్నించి అక్క అన్నది, "ఎవ్వరి పొయ్యి వద్దు. నాకు మూడు రాళ్లున్నయ్."

బోనాల పొద్దున ముసురు పట్టింది. రాళ్ల నడుమ మంట అంటుకుంటలేదు. నేను గొడుగు పట్టుకొని సలహాలు చెప్తున్న. మసీదుల అజా ఇచ్చే మౌజన్ సాబ్ ఒక రేకు, ఇన్ని ఎండు కట్టెలు పట్టుకొచ్చిండు. "పానీ ఇధర్ సే ఆరా," అని వాన కొట్టే దిక్కుకు రేకు అడ్డం పట్టి నిలబడ్డడు.

"రేకు కొంచెం వంచు భాయ్," అన్నది అక్క. "చెల్లె, నువ్వు మాట్లాడుడు ఆపి గొడుగు సక్కగ పట్టు."

ఇద్దరం చెప్పినట్టే చేసినం. బెల్లం అన్నం ఉడికింది. కుండకు పసుపు రాసి, ఏపాకు కట్టి, పైన దీపం పెట్టింది. డప్పులు మొదలుకాంగనే స్తంభం కాడ్నించి ఆమె ముందు కదిలింది, వెనుక నేను. పదకొండేండ్ల అలవాటు, నా కాళ్లు ఊకె ముందుకు ఉరుకుతున్నయ్. ఆమె తల తిప్పలేదు. "తొక్కకు," అన్నది.

గుడి కాడ ఆమె బోనం దించినంక ప్రసాదానికి చేతులు చాపినోళ్లలో తోడికోడండ్లు ఇద్దరూ ఉన్నరు. నేను రెండుసార్లు పెట్టిచ్చుకున్న. బెల్లం జర ఎక్కువయ్యింది, కానీ ఆ మాట అననీకె అది జాగ కాదు.

అక్కకు రూము ఇంకా దొరకలేదు. మూడు కమిటీలు వెతుకుతున్నయ్, ప్రతి మీటింగుకు ఆమె పోయి అడుగుతనే ఉన్నది. లిస్టుల పేరున్నది గదా, అడుగుతది.

బోనాల మరునాడు గుడి కడుగుడు గూడ నంబర్ల వరుసనే. మొదటి నంబరు ఊడ్వాలె, రెండోది నీళ్లు చల్లాలె. పొద్దుగల ఐదింటికి రమ్మన్నరు. నేను ఐదుంబావుకు పోయిన. అప్పటికే అక్క సగం వాకిలి ఊడ్చి, చీపురు పట్టుకొని నిలబడ్డది.

"ఇన్నేండ్లు ఊడ్వనీకె గిట్లనే లేటుగ వచ్చినవా?" అన్నది.

బకెట్ తీసుకొని నల్ల కాడికి పోయిన.