కాటా బాబాయి పిలిచిన ఓడ

నడిసముద్రంలో పోతున్న ఓడని చూపుడువేలితో పిలిచి రేవులో నిలబెట్టగల మొనగాడు భూమ్మీద ఒక్కడే. ధాన్యం కొట్టులో కాటా దగ్గర కూర్చునే కాటా బాబాయి. గోధుమ గింజ కొరికాడంటే అది ఏ దేశంలో మొలిచిందో, కోసినవాడిది ఎడమచేతి వాటమో కాదో చెప్పేసేవాడు. నమ్మకపోతే మానెయ్యండి, గోధుమలకేం నష్టం లేదు.

కాస్త తగ్గి చెప్పాలంటే, ఆయనకి తెలిసిన సూత్రం ఒక్కటే. గోధుమల ఓడ రేవులో లంగరు వేస్తే ధర దిగుతుంది. బస్తా ఒడ్డుకి చేరకముందే, వచ్చిందన్న మాటకే దిగుతుంది. ముప్పై ఏళ్లలో ఒక్కసారి తప్పలేదు. అందుకే జనం ముందు బాబాయిని అడిగి, తరవాతే కొట్టు ముందున్న ధరల పలక చూసేవాళ్లు.

మహమ్మారికి జడిసి ఊరంతా తలుపులు బిడాయించుకున్న రోజులవి. కొట్టు పొద్దున రెండు గంటలే తెరిచేవారు. సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడ్డ జనంలోంచి, బాబాయి పక్క వాటాలో ఉండే బట్టలు కుట్టే అమ్మాయి ముందుకొచ్చింది. ముగ్గురు పిల్లల తల్లి. కుట్టుపని ఆగిపోయింది. చేతిలో ఉన్నది సరిగ్గా ఒక బస్తాకి సరిపోయే డబ్బు.

"బాబాయ్, ఇవాళ తీసుకోనా?"

"పిచ్చా నీకు? ఓడ లంగరేసిందమ్మాయ్! వారం ఆగావంటే ఇదే డబ్బుకి బస్తా మీద కొసరు కూడా మోసుకెళ్తావు."

"ఇంట్లో నాలుగు రోజులకే ఉంది మరి."

"ఐదో రోజు నా మాట తిను!"

వరసలో వాళ్లంతా గొల్లున నవ్వారు. ఆవిడా నవ్వి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఓడ వచ్చిన మాట నిజమే. అందులో వాళ్లు దిగడానికి లేదు, బస్తాలు దించే హమాలీలు రేవులోకి పోవడానికి లేదు. గోధుమలు నీళ్ల మీద, ఆకలి ఒడ్డు మీద, ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ పదిహేను రోజులు. ధర దిగుతుందన్న మాట నమ్మి, నాలుగు రోజుల పిండిని ఆవిడ నీళ్లు కలిపి అన్నాళ్లూ లాక్కొచ్చింది. పిల్లలు గిన్నె గీకే చప్పుడు గోడ ఇవతల బాబాయికి వినిపించేది. ఈలోగా ఓడ గోధుమలు కొనే డాలరు కొండెక్కి కూర్చుంది.

సరుకు దిగిన రోజు కొట్టు షావుకారు పలక తుడిచి, ఇంకా పెద్ద అంకె రాశాడు.

"పాత డాలరుకి కొన్న సరుకే కదండీ ఇది?" అన్నాడు బాబాయి.

"వచ్చే ఓడకి కొత్త డాలరే ఇవ్వాలి. మీ తాత ఇస్తాడా?"

అమ్మాయి వచ్చింది. బస్తా డబ్బుకి అరబస్తా తూగింది. కాటా ముల్లు నిలబడ్డాక కూడా బాబాయి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ సంచి మూతి కట్టుకుని వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం తన ఇంటి గింజలు సంచిలో పోసి ఆవిడ గుమ్మంలో పెట్టొచ్చాడు. తెల్లారేసరికి సంచి ఆయన గుమ్మంలోనే ఉంది. గింజ తగ్గలేదు. పైగా మూలనున్న చిరుగు కుట్టేసి ఉంది.

ఇప్పుడు ధర ఎవరడిగినా బాబాయి నోరు మెదపడు. పలకకేసి చూపుడువేలు చూపిస్తాడు. ఓడల్ని పిలిచిన వేలు అదే.

"నువ్వు పిలిస్తే ఓడ ఆగిపోయిందట కదా బాబాయ్?" అని మొన్న ఎవరో గిల్లారు.

"ఓడా లేదు, గీడా లేదు. తీసుకోనా అని అడిగింది. వద్దన్నాను. అంతే."