తుంచేసిన కొసలు: ఆళ్లగడ్డకు ఒక వీడియో తీసుకెళ్లిన రోజు

నా చిన్ననాటి స్నేహితురాలు ఈశ్వరి భర్త నాగలింగాచారి ఆళ్లగడ్డలో రాతి శిల్పి. ఈమధ్యే పోయారు. ఇంట్లో ఆయనది ఆధార్ కార్డు ఫొటో తప్ప మరొకటి లేదు. ఇద్దరికీ ఉన్న ఒక్క ఫోను రిపేరుకిస్తే అందులోవన్నీ పోయాయి. విగ్రహం పూర్తయినప్పుడల్లా కొన్నవాళ్లకు పంపడానికి ఆయన తీసిన చిన్న చిన్న వీడియోలు కొన్ని ఈశ్వరి అప్పుడప్పుడు నాకు పంపింది. అవే మిగిలాయి. "వాటిని ఒకటిగా కుట్టియ్యి పద్మా. రేపు పెద్దకర్మకు వచ్చినోళ్లంతా ఆయప్పను ఒకసారి సూడాల" అంది. వంటల వీడియోల కోసం ఫోనులో ఎడిటింగ్ నేర్చుకున్నాను కాబట్టి సరేనన్నాను. తీసిన మనిషి అందులో కనిపించడు కదా అన్న అనుమానం వచ్చినా, ఆయన చేతిపని చూస్తే ఆయన్ను చూసినట్టే అనుకున్నాను.

కొత్తవాళ్లకు ఈ పని అంత కష్టమేమీ కాదు. యాప్‌లో కూడిక గుర్తు నొక్కి వీడియోలను వరసగా ఎంచుకోవాలి. ఒక్కోదాన్ని తాకితే రెండు చివర్లా తెల్లటి పట్టీలు వస్తాయి. వాటిని లోపలికి జరిపితే అక్కర్లేని భాగం తగ్గిపోతుంది. మొదట్లోనూ చివర్లోనూ చెయ్యి కదలడం, దగ్గు లాంటి చెత్తే ఉంటుందని నేను చూసిన పాఠంలో చెప్పారు. అందుకని ఏదీ చివరిదాకా చూడకుండానే, గోరుచిక్కుళ్లకు తుంచినట్టు అన్నిటికీ ఒకే కొలతగా కొసలు తుంచేశాను. అసలు ధ్వని తీసేసి సన్నగా వీణ పెట్టాను. వాట్సాప్‌లో పంపితే బొమ్మ మసకబారుతుంది. ఎలాగూ పలకరించి రావాలి కాబట్టి నేనే బయలుదేరాను.

నంద్యాల బస్టాండులో తొమ్మిదిన్నరకు ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే డబ్బు తీసుకోకుండా టికెట్టు ఇస్తారు. ఎడమవైపు కిటికీ పట్టుకుంటే నల్లమల వెంట వస్తుంది. ఆ రోజు మబ్బు కొండల నడుం దాకా దిగి, అడుగు భాగాలు మాత్రమే మిగిలినట్టుంది. ఫోనులో జాగా లేదని, వంటయ్యాక గిన్నెలు కడిగినట్టు, పనైపోయిన అసలు వీడియోలను తొలగించాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేయబోతుంటే కండక్టర్ ఆధార్ అడిగాడు. కార్డు తీస్తూ ఫోను సంచిలో వేశాను, ఆ సంగతి మరిచాను. శిరివెళ్ల మీదుగా గంటంబావులో ఆళ్లగడ్డ చేరాం.

ఆటో ముప్పై రూపాయలు. నాగలింగాచారి ఇంటికనగానే డ్రైవర్ అద్దంలో నన్ను చూశాడు. "ఆయప్ప సగం జేసిన అమ్మోరు ఆడనే నిలబడుకోనుంది. కండ్లు పెట్టల్యా. పొద్దుగూకినాక ఆ ఈదికి బాడుగొచ్చినా పోను."

"కండ్లు లేనిది ఏం చేస్తుందప్పా?"

"కండ్లుంటే యాడ సూస్తాందో తెలుస్తాది కదమ్మా."

వీధి పొడుగునా ఉలి చప్పుళ్లే. ఆ ఒక్క ఇంటి ముందు మాత్రం లేవు. విగ్రహానికి కళ్లు అన్నిటికన్నా చివర తెరుస్తారట. గడప పక్కన మనిషెత్తు నల్లరాతి అమ్మవారు, కళ్లుండాల్సిన చోట నునుపైన ఖాళీతో నిలబడి ఉంది. నేల మీద రాతిపొడి ఊడ్చలేదు. అందులో ఒకే జత మగ చెప్పుల అచ్చులు, లోపలికి వెళ్లేవే ఉన్నాయి.

ఈశ్వరి వీడియో మొత్తం చూసింది. "బొమ్మలు బాగుండాయి. ఆయప్ప యాడ?"

"తీసింది ఆయనే కదే. ఎలా కనిపిస్తాడు?"

"ల్యా. అన్నిట్లో ఉంటాడు. నువ్వు తీసేసినావు."

గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఫోను వైపే చూస్తూ అంది. దిగులుతో మతి చెదిరిందేమోనని నాకు భయమేసింది. ఆమె మాట కాదనలేక చెత్తబుట్ట తెరిచాను. వీడియోలన్నీ ఉన్నాయి. వెనక్కి తెచ్చి, వీణ తీసేసి, అసలు ధ్వని మళ్లీ పెట్టి, మొదటిదాని చివరి పట్టీని బయటికి లాగాను.

విగ్రహం అలాగే ఉంది. దాని వెనక నుంచి నాగలింగాచారి నడిచొచ్చారు. రాయికి ఆనించిన ఫోను ఆపడానికి వంగారు. కనురెప్పల మీద తెల్లటి పొడి. తెరంతా ఆయన ముఖమే. విగ్రహం వైపు సగం తిరిగి "పోయిరా సామీ" అన్నారు. బొటనవేలు దగ్గరికొచ్చింది. చీకటి.

రెండోదాన్లోనూ అంతే. గుడికి వెళ్లే ప్రతి విగ్రహాన్నీ ఆయన అలా సాగనంపేవారట. అది నేను తుంచేసిన చోటే ఉంది.

"బొమ్మలొద్దులే. ఆ కొసలే పక్కపక్కన పెట్టు" అంది ఈశ్వరి. పెట్టాను. ముఖం వస్తుంది, చీకటి పడుతుంది, మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం చిక్కిపోయి. చివరిది ఈ కళ్లు లేని అమ్మవారిది, పని పూర్తికాకముందే తీసింది. ఆయన చాలాసేపు దగ్గి వంగారు. ఈసారి పోయిరమ్మనలేదు. "ఉండమ్మా, వస్తాండా" అన్నారు. చీకటి.

వేరే శిల్పి ఎవరైనా వచ్చి కళ్లు తెరుస్తాడా అని అడగాలనుకున్నాను. వీడియోను ఆమె ఫోనులోకి ఎక్కించి లేచాను. చావింటి నుంచి వచ్చేటప్పుడు పోయొస్తానని చెప్పకూడదు కాబట్టి మాట్లాడకుండా గడప దాకా వచ్చాను. వెనక ఈశ్వరి మళ్లీ నొక్కినట్టుంది. "ఉండమ్మా, వస్తాండా." నాకు పక్కనే అమ్మవారు. చెప్పుల అచ్చులు తొక్కకుండా, గోడ వారగా బయటికి నడిచాను.

నాలుగు గంటల బస్సులో ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టర్ ఆ నిమిషంలో ఆధార్ అడగకపోయి ఉంటే రేపు ఆ ఇంట్లో వీణ మాత్రమే మోగేది. బతికినన్నాళ్లూ తన పనికి అడ్డు రాకుండా పక్కకి తప్పుకున్న మనిషిని నేను చెత్త కింద లెక్కేశాను. జాగా నిండింది, ఏమైనా తీసెయ్యనా అని ఫోను ఇప్పటికీ అడుగుతూనే ఉంది. ఎడిటింగ్ మొదలుపెట్టేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి: యాప్‌లో తుంచిన భాగం ఎక్కడికీ పోదు, పట్టీ లాగితే తిరిగొస్తుంది, కానీ అసలు వీడియో ఉన్నంతవరకే. అది ఎవరిదో వాళ్లు చివరిదాకా చూసేవరకు చెత్తబుట్ట ఖాళీ చెయ్యకండి.