ఒక్క చుక్కకు గీత రాదు

మా చిన్న శేఠ్‌కు గీతలంటే ఇష్టం, చుక్కలంటే అనుమానం. చుక్కలు విడివిడిగా కూర్చుంటాయి, ఏది ఎందుకలా కూర్చుందో దాన్నే అడగాలి. గీత అయితే పైకో కిందికో పోతుంది, దాన్ని చూపించి ఎవరినో ఒకరిని తిట్టొచ్చు. నేను సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఉన్న ఆ బట్టల ఆఫీసులో చేరిన కొత్తలో ఆయన చెప్పిన మొదటి పని, కార్ఖానాలో ఏ కారీగర్ నెలకు ఎన్ని మీటర్లు నేశాడో లైన్ చార్టు వేయమని.

వేశాను. కింద కారీగర్ల నంబర్లు వరసగా, పక్కన నిలువుగా మీటర్లు, ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి గీత. ఆ గీతకు అర్థం లేదని నాకు తెలుసు. పక్కపక్క నంబర్ల మనుషులిద్దరి మధ్య ఏముంటుంది? మహా అయితే నీళ్ల డ్రమ్ము ఉంటుంది. చిన్న శేఠ్ చూసి, "కొసలు కొసలుగా ఉంది బెన్, నున్నగా చెయ్యి" అన్నాడు. బెన్ అంటే అక్క, ఇక్కడ ఆడవాళ్లందరినీ అలాగే పిలుస్తారు. స్మూత్డ్ లైన్ అని ఒక చిన్న గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టాను. గీత వంపులు తిరిగి, ఇద్దరు మంచి పనిమంతుల మధ్య ఇద్దరికన్నా పైకి ఉబ్బింది.

ఆయన పెన్నుతో ఆ ఉబ్బును చూపించాడు. "ఇతనెవరు? అందరికన్నా ఎక్కువ నేశాడు."

"అక్కడ ఎవరూ లేరు."

"మరి ఇంత బట్ట ఎవరు నేశారు?"

"స్ప్రెడ్‌షీట్ నేసింది" అన్నాను. ఆయన నవ్వలేదు. ఉద్యోగం కొత్త కాబట్టి నేనూ నవ్వలేదు.

నేను సూరత్‌లోనే పుట్టాను. మావాళ్లు తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చి ఇక్కడే వడోద్‌లో స్థిరపడ్డారు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. బడిలో గుజరాతీ, వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు మా అమ్మ పెళ్లి పత్రికల మీద నేర్పింది, అందుకని చాలాకాలం తెలుగు పెళ్లిళ్లకే రాస్తారనుకున్నాను. మా నాన్నను బాపు అంటాం, ఆయన పాండేసరాలో సాంచాలు నడుపుతాడు. ఆయన పనిచేసే కార్ఖానా, నేను చేరిన ఆఫీసు ఒకే శేఠ్‌వని నాకు చేరాకే తెలిసింది. ఇక్కడ కార్ఖానాకు ఒక పేరు, ఆఫీసుకు ఇంకో పేరు ఉండటం మామూలే. ఇంటికొచ్చి చెబితే బాపు సంతోషించలేదు.

"నేను నీ బాపునని ఆఫీసుల చెప్పకు బిడ్డా. చెప్తే నువ్వు నా గురించి మంచి చెప్పినా నమ్మరు, చెడు చెప్పినా నమ్మరు" అన్నాడు.

నేను చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు. స్ప్రెడ్‌షీట్‌లో మనుషులకు పేర్లుండవు, నంబర్లే. బాపు నంబరు మాత్రం నాకు తెలుసు, ఆయన టిఫిన్ డబ్బా మూత మీద పెయింటుతో రాసి ఉంటుంది.

కొన్నాళ్లకు చిన్న శేఠ్ ఎక్కడో ఒక క్లాసుకు వెళ్లొచ్చి, స్కాటర్ చార్టు కావాలన్నాడు. అడ్డంగా సర్వీసు ఏళ్లు, నిలువుగా మీటర్లు, మనిషికో చుక్క. నాకు ప్రాణం లేచొచ్చింది. స్కాటర్ చార్టులో లేని మనిషి రాడు. మనసు పెట్టి చేశాను. గ్రిడ్‌లైన్స్ కనిపించీ కనిపించనట్టు పలచబరిచాను. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా చిన్నవి చేశాను. రెండు యాక్సిస్‌లకూ పేర్లు పెట్టాను. చివర ఆయన అడిగిన ట్రెండ్‌లైన్, చుక్కలన్నిటి మధ్యగా పోయే గీత, కలిపాను. అది ఎడమ పక్క ఎత్తున మొదలై, కుడి పక్కకు దిగిపోయింది.

చిన్న శేఠ్ ముఖం వెలిగింది. "చూశావా బెన్? పాతబడేకొద్దీ మనిషి తక్కువ నేస్తాడు. గీత కిందున్నవాళ్లను ఎర్రగా చెయ్యి. దీపావళి తర్వాత వాళ్లకు ఫోన్ చెయ్యొద్దు."

సూరత్ సంగతి తెలియనివాళ్లకు ఇది చెప్పాలి. దీపావళికి కార్ఖానాలు మూస్తారు, పండగ వెళ్లిన ఐదో రోజు, లాభ్ పాంచమ్ నాటికి మళ్లీ తెరుస్తారు. తెరిచేముందు కారీగర్లకు ఫోన్లు వెళ్తాయి. పనిలోంచి తీసేశామని ఎవరూ ఎవరితో అనరు, ఫోన్ మోగదంతే. మోగనివాళ్లు రెండు రోజులు చూసి, సిగ్నల్ లేదేమోనని మేడెక్కి చూసి, తర్వాత అర్థం చేసుకుంటారు.

ఒక్క చుక్కకు రంగు మార్చడానికి ఒక పద్ధతుంది. ఒకసారి నొక్కితే చుక్కలన్నీ కలిసి పట్టుబడతాయి. కాస్త ఆగి రెండోసారి నొక్కితే ఆ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు రంగు పోయాలి. అలా ఒక్కొక్కరినీ ఎర్రగా చేస్తూ కుడి చివరకు వచ్చాను. అక్కడ గీతకు కింద ఒక చుక్క విడిగా ఉంది. అది ఎవరిదోనని పట్టికలో వరస చూశాను. టిఫిన్ డబ్బా నంబరు.

నాకు భయమేసింది. ఆ వయసు మనిషిని ఇంకో కార్ఖానా పెట్టుకోదు. బాపుకు వేరే పని రాదు, ఊరికే కూర్చోవడం అంతకన్నా రాదు. కరెంటు సెలవు రోజున కూడా ఇంట్లో కూర్చుని కాలు ఆడిస్తూనే ఉంటాడు. ఆ మనిషి ఫోన్ ముందు పెట్టుకుని కూర్చోవడం నేను చూడలేను.

ఆ సాయంత్రం అన్నం తింటుంటే అడిగాను. "బాపూ, నీ మీటర్లు గింత తక్కువెందుకు పడుతున్నయ్?"

"నాయి పాత సాంచలు గదా."

"మీ షెడ్డుల కొత్తయి రాలేదా?"

"వచ్చినయ్. కొత్తోల్లకిచ్చినం."

"పాతోల్లు మీరుండంగ కొత్తోల్లకెందుకు?"

బాపు నన్ను జాలిగా చూశాడు. "ఊరి నుంచి కొత్తగ వచ్చినోనికి పాత సాంచా ఇస్తే ఏమైతది? మాటిమాటికి దారం తెగుతది, మీటర్లు పడయ్, నెల తిరగకముందే వాపస్ బండెక్కుతడు. మంచిదిస్తే నిలబడుతడు. నేనొచ్చినప్పుడు నాక్కూడ ఒకాయన గట్లనే ఇచ్చిండు. పాతదాని తిక్క నాకు తెలుసు, జర సముదాయిస్తే నడుస్తది."

"ఈయన తిక్క దానికి తెలుసు" అని అమ్మ వంటింట్లోంచి అంది.

అప్పుడు నాకు ఆ గీత అర్థమైంది. ఎడమ చివర కొత్తవాళ్లు ఎత్తున ఉన్నది మంచి సాంచాల వల్ల. కుడి చివర పాతవాళ్లు కిందికి దిగింది ఆ సాంచాలు ఇచ్చేయడం వల్ల. మావాళ్ల మర్యాదంతా ఏటవాలుగా కిందికి పోతుంటే, దాన్ని నేనే మందం పెంచి మరీ గీశాను. నా మీద నాకు ఒళ్లు మండింది.

మర్నాడు సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, ఎవరు ఏ రకం సాంచా మీద ఉన్నారో తెప్పించుకున్నాను. పట్టికలో ఇంకో నిలువు వరస చేర్చి, చుక్కలను రెండు సిరీస్‌లుగా విడగొట్టాను. కొత్త సాంచాలవాళ్లకు గుండ్రాలు, పాత సాంచాలవాళ్లకు ముక్కోణాలు. ఎవరి ట్రెండ్‌లైన్ వాళ్లకు. రెండు గీతలూ ఏళ్లతోపాటు పైకే పోయాయి. ముక్కోణాలన్నిటిలో పైన ఉన్నది బాపుది.

చిన్న శేఠ్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "రెండూ పైకి పోతున్నాయి. కలిపితే కిందికెలా పోయింది?"

"ఇంట్లో మాడిన రొట్టెలన్నీ అమ్మే తింటుంది కదా. అమ్మ కంచం చూసి ఆమెకు రొట్టె చేయడం రాదంటామా?"

"మా ఇంట్లో వంటవాడు చేస్తాడు" అన్నాడు. కాసేపటికి, "అయినా అర్థమైంది" అన్నాడు.

ఆ ఏడు ఎరుపంతా పోయింది. అందరికీ ఫోన్లు వెళ్లాయి. తప్పు సాంచాలదే అని తేలింది కాబట్టి పాతవాటిని పాత ఇనుముకు అమ్మేసి, చిన్న చిన్న ఆర్డర్ల కోసం మూలన రెండిటిని మాత్రం ఉంచారు. బాపుకు కొత్తది వచ్చింది. పాతది టెంపో ఎక్కుతుంటే పనాపుకుని గేటు దాకా వెళ్లాడట. తర్వాత వచ్చిన చార్టులో ఆయన చుక్క పైకి పోయి అందరి మధ్యా పడింది. ఆ ఆదివారం డుమస్ బీచికి తీసుకెళ్లి, టమాటా భజియా తినిపించి, ఫోన్‌లో చార్టు చూపించాను.

"గీ గుంపుల నేనేడున్న?"

"ఇగో, గీడ."

చాలాసేపు చూశాడు. "మంచిగున్నది. గుంపుల గోవిందా" అన్నాడు. నా జీవితంలో అంత తృప్తిగా భజియా తిన్నది అప్పుడే.

మరుసటి ఏడు దీపావళి ముందు చార్టు మళ్లీ వేయాల్సి వచ్చింది. చుక్కలు పడ్డాయి. కుడి చివర, అట్టడుగున, ఒకటి విడిగా ఉంది. పట్టిక చూడక్కర్లేకపోయింది.

ఇంటికెళ్లి గొడవ పెట్టుకున్నాను. ఊరి నుంచి ఒకతను వచ్చాడట, ఇద్దరు పిల్లల తండ్రి, చేసిన అప్పులో చేను పోయి కొత్తగా పనిలో దిగాడట. సూపర్‌వైజరు అతన్ని మూలనున్న పాత సాంచాల మీద వేస్తే, బాపు తనది అతనికిచ్చి తానే ఆ మూలకు పోయాడు.

"నీ కోసం నేనెంత తిప్పలు పడ్డనో ఎర్కేనా? నీకేమన్న బుద్ధున్నదా?" అన్నాను. ఆ మాట అనకూడదు. కోపంలో వచ్చేసింది.

బాపు ఏమీ అనుకోలేదు. "నీకు ఆఫీసుల చేరినప్పుడు మంచి కంప్యూటర్ ఇచ్చిండ్రా, పాతదిచ్చిండ్రా?"

"పాతదే."

"అందుకే గిట్ల తయారైనవ్" అన్నాడు.

నేను మళ్లీ ముక్కోణం పెట్టి చూశాను. పాత సాంచాలు రెండూ బాపువే కాబట్టి ఆ సిరీస్‌లో ఉన్నది ఆయన ఒక్కడే. ట్రెండ్‌లైన్ అడిగితే స్ప్రెడ్‌షీట్ ఏమీ గీయలేదు. ఒక్క చుక్కకు గీత రాదు. గీత రావాలంటే కనీసం ఇద్దరుండాలి.

చిన్న శేఠ్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "పాతవి దాదాపు పోయాయిగా, ఇంకా ముక్కోణమెందుకు? అన్నీ కలిపెయ్యి." కలిపాను. "గీత కిందివాళ్లను ఎర్రగా చెయ్యి." చేశాను, బాపుతో సహా. ఆయన వంగి, స్క్రీన్ మీద కుడి మూలన వేలు పెట్టాడు. "ఇతను గీతను కిందికి లాగుతున్నాడు. ఈ వరస తీసెయ్, చార్టు కుదురుగా ఉంటుంది. ఎలాగూ దీపావళి తర్వాత ఉండడు కదా."

వరస ఎంచుకున్నాను. డిలీట్ మీదికి వేలు పోలేదు.

"అది మా నాన్న" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఎప్పటినుంచి?"

"నేను పుట్టినప్పటినుంచి."

ఆయన దానికీ నవ్వలేదు. "మరి ఎందుకంత కిందున్నాడు?" అన్నాడు. చెప్పాను. కొత్తగా వచ్చినతని సంగతి, సాంచా మార్పిడి, ఎన్నో ఏళ్లుగా వాళ్లలో వాళ్లు చేసుకుంటున్నది, అంతా. రొట్టెల పోలిక ఏదీ తోచలేదు.

"ఆ కొత్తతను ఏడి?"

ఎడమ చివర చూపించాను. సర్వీసు లేనట్టే, మీటర్లు మాత్రం బాగా ఎత్తున. చిన్న శేఠ్ ఆ చుక్కను చూసి, కుడి మూల చుక్కను చూసి, మళ్లీ మొదటిదాన్ని చూశాడు. వాటి మధ్య గీత లేదు. ఆయన గీయమని అడగనూ లేదు.

"ఎరుపు తీసెయ్యి బెన్" అన్నాడు. "నాన్నకు ఎరుపు బాగుండదు."

"ఏ రంగు పెట్టమంటారు?"

"ఆయనకేది ఇష్టం?"

నాకు తెలియదు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఎప్పుడూ అడగలేదు. ఫోన్ చేశాను. అవతల సాంచాల మోత.

"బాపూ, నీకు ఏ రంగిష్టం?"

"ఏంది?"

"రంగు! రంగు!"

"రంగులేసుడు మిల్లోల్ల పని. మనది తెల్ల బట్టనే గద. ఫోన్ పెట్టెయ్, దారం తెగింది."

ఒకసారి నొక్కాను, చుక్కలన్నీ పట్టుబడ్డాయి. కాస్త ఆగి ఇంకోసారి నొక్కాను, బాపు ఒక్కడే మిగిలాడు. లోపలి రంగుకు నో ఫిల్ పెట్టి, అంచుకు సన్నగా నలుపు ఉంచాను. తెల్ల కాగితం మీద తెల్ల చుక్క, చూసేవాళ్లకు కనిపిస్తుంది. చిన్న శేఠ్ ప్రింటు తీసుకుని వెళ్లిపోయాడు.

లాభ్ పాంచమ్‌కు ముందు రోజు పొద్దున మా ఇంట్లో ఫోన్ మోగింది. బాపు ఎత్తి, "ఆ, వస్త" అని, చార్జింగ్‌కు పెట్టి, టిఫిన్ డబ్బా ఎక్కడుందని అమ్మను అడిగాడు.